దొస్తొయెవ్‌స్కీ: మూర్ఛవ్యాధితో మూడు దశాబ్దాల సహవాసం

1857వ సంవత్సరం డిసెంబరు నెలలో, సైబీరియా దక్షిణపు అంచున ఉన్న సెమిపలాతిన్స్క్ పట్టణంలో, ఒక పటాలపు వైద్యుడు ఒక ధ్రువపత్రం రాశారు. ముప్ఫైల నడిమి వయసులో ఉన్న ఒక కిందిస్థాయి సైనికాధికారికి 1850లో తొలిసారి మూర్ఛ వచ్చిందని, కేకపెట్టి స్పృహ కోల్పోయాడని, కాళ్లూ చేతులూ ముఖమూ కొట్టుకున్నాయని, నోట నురగ వచ్చిందని, అది పావుగంట సేపు సాగిందని అందులో నమోదు చేశారు. 1853లో మళ్లీ వచ్చిందని, ఇప్పుడు నెలనెలా చివరి రోజుల్లో వస్తున్నదని కూడా రాశారు. సైనిక సేవ నుంచి విడుదల కోరుతూ ఆ అధికారి పెట్టుకోబోయే అర్జీకి ఆ పత్రం ఆధారం కావలసి ఉంది. ఆ అధికారి పేరు ఫ్యోదర్ మిహాయిలొవిచ్ దొస్తొయెవ్‌స్కీ. ‘నేరము-శిక్ష’, ‘ఇడియట్’, ‘కరమజోవ్ సోదరులు’ అప్పటికింకా ఆయన ఊహలోకి కూడా రాలేదు.

ప్రపంచ సాహిత్య చరిత్రలో మూర్ఛవ్యాధి గురించి ఇంత దగ్గరగా తెలిసి, ఇంత విస్తారంగా రాసిన రచయిత మరొకరు లేరంటే అతిశయోక్తి కాదు. ఆయన నవలలను గురించి సంపుటాలు వెలువడ్డాయి. ఆ వ్యాధితో ఆయన రోజువారీ జీవితం ఎలా గడిచిందో, ఆయన నేలకొరిగిన వేళల్లో పక్కన ఉన్నవారు ఏం చేశారో మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

దొస్తొయెవ్‌స్కీ 1821 నవంబరు 11న మాస్కోలో, పేదల కోసం నడిచే మరీయిన్‌స్కీ ఆసుపత్రి ఆవరణలోనే జన్మించారు. తండ్రి అక్కడ వైద్యుడు. పదిహేనేళ్ల వయసులో తల్లిని క్షయ తీసుకుపోయింది. మరో రెండేళ్లకు, సెంట్ పీటర్స్‌బర్గ్‌లో సైనిక ఇంజనీరింగ్ విద్య చదువుతుండగా, తండ్రి కూడా మరణించారు. 1846లో ‘పేద జనం’ నవలతో ఒక్కసారిగా పేరు వచ్చింది. అయితే ఆ రోజుల్లోనే ఏదో తెలియని జబ్బు లక్షణాలు ఆయనను భయపెట్టసాగాయి. నిద్రలోనే చచ్చిపోయినట్లు పడి ఉంటానేమో, బతికుండగానే పూడ్చిపెడతారేమో అన్న భయంతో, తొందరపడి ఖననం చేయవద్దంటూ పడుకునే ముందు చీటీ రాసి పెట్టేవారని మిత్రులు జ్ఞాపకం చేసుకున్నారు. యానొవ్‌స్కీ అనే యువ వైద్యుడు ఆయనకు స్నేహితుడై, ఆ తలతిరుగుళ్లను, బిగుసుకుపోవడాలను దగ్గరుండి చూశారు. 1847 వేసవిలో నడివీధిలో అలాంటి స్థితిలో కనిపిస్తే ఇంటికి తీసుకుపోయి, నాటి వైద్యం ప్రకారం నరం కోసి రక్తం తీశారు. ఇతర వైద్యులు అవి వట్టి నరాల బలహీనత అని, జీవన విధానం మారితే తగ్గిపోతాయని చెబుతూ వచ్చారు. ఆయనా ఆ మాటనే నమ్మాలనుకున్నారు.

జీవన విధానం మారింది కానీ, ఎవరూ కోరుకోని రీతిలో మారింది. నిషిద్ధ గ్రంథాలు చదివే, సంస్కరణలు చర్చించే ఒక బృందంలో సభ్యుడన్న నేరంపై 1849లో ఆయనను అరెస్టు చేశారు. ఎనిమిది నెలల కోట జైలు తరువాత, అప్పటి రష్యా పంచాంగం ప్రకారం డిసెంబరు 22న, మంచు కప్పిన మైదానంలో కాల్చివేత శిక్ష చదివి వినిపించారు. మొదటి ముగ్గురిని కొయ్యలకు కట్టారు. దొస్తొయెవ్‌స్కీ ఆ తరువాతి వరుసలో నిలబడి ఉన్నారు. ఆఖరి క్షణంలో జారు చక్రవర్తి క్షమాభిక్ష ప్రకటన వచ్చింది. అదంతా ముందే రాసిపెట్టుకున్న నాటకం. నాలుగేళ్లు ఓమ్‌స్క్ జైలులో కాళ్లకు సంకెళ్లతో కఠిన శ్రమ, ఆపైన సాధారణ సైనికుడిగా కొలువు. జబ్బు తన అసలు రూపం చూపింది ఆ జైలు సంవత్సరాల్లోనే.

1857 ఫిబ్రవరిలో మరీయా ద్మీత్రియెవ్నా అనే వితంతువును ఆయన పెళ్లి చేసుకున్నారు. కొత్త దంపతులు సెమిపలాతిన్స్క్‌కు తిరిగి వస్తూ దారిలో బర్నవుల్ పట్టణంలో పరిచయస్థుల ఇంట ఆగారు. అక్కడ ఆమె కళ్ల ముందే ఆయనకు తీవ్రమైన మూర్ఛ వచ్చింది. ఆ పట్టణంలోని ఒక వైద్యుడు పరీక్షించి, ఇది నరాల బలహీనత కాదు, నిజమైన మూర్ఛవ్యాధేనని తేల్చి చెప్పారు. ఏదో ఒకనాడు మూర్ఛ మధ్యలో గొంతు బిగుసుకుని ప్రాణం పోవచ్చునని హెచ్చరించారు. అమావాస్య రోజుల్లో జాగ్రత్తగా ఉండమని కూడా సలహా ఇచ్చారు. ఈ సంగతి ముందే నిశ్చయంగా తెలిసి ఉంటే పెళ్లే చేసుకుని ఉండేవాడిని కానని దొస్తొయెవ్‌స్కీ తన అన్నకు ఉత్తరం రాశారు. మరీయాకు కలిగిన భయం ఎప్పటికీ పూర్తిగా పోలేదు. ఏడేళ్ల ఆ దాంపత్యం సుఖంగా సాగలేదు. కారణాలు అనేకం. పెళ్లైన కొన్నాళ్లకే ఎదురైన ఆ దృశ్యాన్ని వాటిలోంచి తీసివేయలేం.

అమావాస్య మాట తెలుగువారికి కొత్త కాదు. అమావాస్యకూ పున్నమికీ మూర్ఛలు ముదురుతాయన్న నమ్మకం మన పల్లెల్లోనూ ఉంది. దొస్తొయెవ్‌స్కీ ఆ సలహాను మనసులో పెట్టుకుని తన నోటు పుస్తకాల్లో మూర్ఛ వచ్చిన తేదీతో పాటు చంద్రకళను, వాతావరణాన్ని, అంతకు ముందు తన మానసిక స్థితిని, ఆ తరువాత పట్టిన కాలాన్ని రాసుకుంటూ వచ్చారు. చివరి రెండు దశాబ్దాల్లో అలా లెక్కకు వచ్చినవి సుమారు నూరు. సగటున నెలకొకటి అని ఆయనే అనుకునేవారు. కొన్నిసార్లు వారానికి రెండు, కొన్నిసార్లు నెలల తరబడి ఏమీ లేదు. చంద్రుడి సంగతి ఎలా ఉన్నా, తేదీలు రాసిపెట్టే ఆ అలవాటును మాత్రం నేటి న్యూరాలజిస్టులు ప్రతి రోగికీ చెబుతారు. మూర్ఛ ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, ముందురోజు నిద్ర ఉన్నదా లేదా అన్న వివరాలే మందు మోతాదు నిర్ణయానికి ఆధారం.

నిద్ర విషయంలో ఆయన తనకు తానే శత్రువు. రాత్రంతా మేలుకుని, చిక్కటి టీ, వరుసగా సిగరెట్లు తాగుతూ రాసి, తెల్లవారుజామున పడుకోవడం ఆయన పద్ధతి. నిద్రలేమి మూర్ఛను రెచ్చగొట్టే కారణాల్లో ముఖ్యమైనదని నేడు తెలుసు. కానీ అప్పుల వాళ్లు గుమ్మంలో కూర్చున్నప్పుడు, పత్రికకు అధ్యాయం అందించవలసిన గడువు ముంచుకొచ్చినప్పుడు, పగలంతా వచ్చేపోయేవారితో సందడిగా ఉండే ఇంట్లో రాయడానికి రాత్రి తప్ప వేరే సమయం ఆయనకు లేదు. 1864లో భార్య, మూడు నెలల తేడాలో అన్న మరణించారు. అన్న పత్రిక అప్పులు, అన్న కుటుంబ పోషణ ఆయన నెత్తిన పడ్డాయి.

ఆ అప్పుల ఒత్తిడిలోనే ఒక ప్రచురణకర్తతో ప్రమాదకరమైన ఒప్పందం కుదుర్చుకున్నారు. 1866 నవంబరు ఒకటో తేదీలోగా కొత్త నవల ఇవ్వకపోతే, తొమ్మిదేళ్ల పాటు తాను రాసేదంతా ఆ ప్రచురణకర్త ఉచితంగా అచ్చు వేసుకోవచ్చు. అక్టోబరు మొదటివారం వచ్చినా ఒక్క పేజీ లేదు. మిత్రుల సలహాపై, షార్ట్‌హ్యాండ్ నేర్చిన ఇరవై ఏళ్ల అమ్మాయిని పిలిపించారు. ఆమే ఆన్నా గ్రిగోర్యెవ్నా స్నీత్‌కినా. మొదటిరోజే, సంభాషణ మొదలైన కాసేపటికే, తనకు మూర్ఛవ్యాధి ఉందని, కొద్దిరోజుల క్రితమే వచ్చిందని ఆయన ఆమెకు చెప్పేశారు. అపరిచితుడొకరు తన జబ్బును అంత నిస్సంకోచంగా చెప్పడం ఆమెను ఆశ్చర్యపరిచింది. ఇరవై ఆరు రోజుల్లో ‘జూదరి’ నవల పూర్తయింది. తప్పించుకు తిరుగుతున్న ప్రచురణకర్త దొరకకపోతే పోలీసు ఠాణాలో రాతప్రతి అప్పగించి రసీదు తీసుకున్నారు. 1867 ఫిబ్రవరిలో ఆన్నాను వివాహం చేసుకున్నారు.

పెళ్లైన కొద్దిరోజులకే, ఉపవాస దినాలకు ముందు వచ్చే పండుగ వారంలో, ఆన్నా అక్క ఇంట విందు జరిగింది. దొస్తొయెవ్‌స్కీ షాంపేన్ తాగి, హుషారుగా కబుర్లు చెబుతున్నారు. ఉన్నట్టుండి మాట ఆగింది, ముఖం పాలిపోయింది. సోఫా మీద నుంచి లేవబోయి ఆమె వైపు ఒరిగారు. మనిషి గొంతులోంచి వచ్చినట్లు లేని ఒక కేక వినిపించింది. పక్కనే కూర్చున్న అక్క కెవ్వున అరిచి గదిలోంచి పరుగెత్తింది. బావ ఆమె వెంట పరుగెత్తాడు. మిగిలింది ఆన్నా ఒక్కరే. ఆమె ఆయన భుజాలు పట్టుకుని సోఫా మీద కూర్చోబెట్టాలని చూశారు. శరీరం జారిపోతుంటే ఆపే బలం లేదు. అప్పుడు ఎదురుగా కుర్చీ మీద వెలుగుతున్న దీపాన్ని గమనించి, ఆ కుర్చీని పక్కకు నెట్టి, ఆయనను మెల్లగా నేలమీదికి జారనిచ్చారు. తానూ నేలమీదే చతికిలబడి, కొట్టుకుంటున్నంతసేపూ ఆయన తలను ఒడిలో పెట్టుకున్నారు.

ఆమె వైద్యం చదువుకోలేదు. అంతకు ముందు మూర్ఛ చూసిన అనుభవమూ లేదు. అయినా ఆ రాత్రి ఆమె చేసిన పనులు నేటి ప్రథమ చికిత్స సూత్రాలకు చాలా దగ్గరగా ఉన్నాయి. మూర్ఛ వచ్చినవారి చుట్టూ ఉన్న నిప్పు, గాజు, మొనదేలిన వస్తువులు తొలగించాలి. నేలమీదికి చేర్చి, తల కింద మెత్తటి గుడ్డో దుప్పటో, ఏదీ లేకపోతే చేతులో ఉంచాలి. మెడ దగ్గర గుండీ, కళ్లద్దాలు తీయాలి. కొట్టుకోవడం తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెడితే నోటిలోని చొంగ, నురగ బయటికి పోయి ఊపిరి ఆడుతుంది. గడియారం చూసుకోవాలి. పూర్తిగా తెలివి వచ్చేదాకా పక్కనే ఉండాలి. చాలా మూర్ఛలు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి.

మన వీధుల్లో ఎవరైనా ఇలా పడిపోతే జరిగేది వేరు. చుట్టూ జనం గాలి ఆడకుండా మూగుతారు. ఒకరు తాళంచెవుల గుత్తి చేతిలో పెడతారు, ఇంకొకరు ఉల్లిపాయో చెప్పో వాసన చూపిస్తారు, మరొకరు నాలుక కొరుక్కోకుండా పళ్ల మధ్య చెంచా దూర్చుతారు. తాళంచెవుల వల్ల మూర్ఛ ఆగదు. మూర్ఛ దానంతట అది ఆగేవేళకు తాళంచెవులు చేతిలో ఉంటాయి, అంతే. చెంచా వల్ల మాత్రం పళ్లు విరుగుతాయి, ఆ ముక్క గొంతుకు అడ్డం పడవచ్చు. నాలుకను ఎవరూ మింగలేరు. కాళ్లూ చేతులూ బలవంతంగా అదిమిపట్టడం, నోట్లో నీళ్లు పోయడం కూడా ప్రమాదమే.

ఆ విందు రాత్రి కథ అంతటితో ముగియలేదు. స్పృహ వచ్చీ రాకముందే, గంటలోపు రెండోసారి మూర్ఛ వచ్చింది. ఈసారి తెలివి వచ్చాక కూడా నొప్పితో రెండు గంటలకు పైగా కేకలు వేస్తూనే ఉన్నారు. భర్తకు మతి చలించిందేమోనని ఆన్నా భయపడ్డారు. నేటి లెక్కలో ఇది ఇంట్లో కూర్చుని ఎదురుచూసే స్థితి కాదు. మూర్ఛ 5 నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి మొదలైనా, జీవితంలో అదే మొదటి మూర్ఛ అయినా, గర్భిణికి వచ్చినా, నీళ్లలో ఉండగా వచ్చినా, దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి తరలించాలి. తెలుగు రాష్ట్రాల్లో 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది. ఆన్నాకు ఆ సదుపాయాలేవీ లేవు. మూర్ఛను కొంత అదుపుచేసిన మొదటి మందు పొటాషియం బ్రోమైడ్ వాడకం లండన్‌లో మొదలైంది 1857లోనే. ఫినోబార్బిటాల్ రావడానికి 1912 దాకా, ఫెనిటాయిన్ రావడానికి 1938 దాకా ఆగాలి.

అప్పుల బాధ తట్టుకోలేక 1867 ఏప్రిల్‌లో విదేశాలకు వెళ్లిన ఆ దంపతులు నాలుగేళ్లకు గానీ తిరిగి రాలేదు. జెనీవాలో, 1868లో, ఆన్నాకు నొప్పులు మొదలైన రాత్రికి కాస్త ముందే దొస్తొయెవ్‌స్కీకి తీవ్రమైన మూర్ఛ వచ్చింది. ఆమె లేపితే సంగతి విని, జాలిపడి, మళ్లీ నిద్రలోకి జారుకున్నారు. మూర్ఛ తరువాతి మగత అటువంటిది. పరాయి దేశంలో, భాష సరిగా రాని చోట, ఆమె తెల్లవారేదాకా ఒంటరిగా నొప్పులు భరించారు. సోన్యా అని పేరు పెట్టుకున్న ఆ పాప మూడు నెలలకే న్యుమోనియాతో చనిపోయింది.

‘ఇడియట్’ నవల రాసింది ఆ రోజుల్లోనే. కథానాయకుడు ప్రిన్స్ మిష్కిన్ మూర్ఛరోగి, స్విట్జర్లాండులో వైద్యం చేయించుకుని తిరిగివచ్చినవాడు. చీకటి మెట్ల మీద రొగోజిన్ కత్తి ఎత్తిన క్షణంలో అతనికి మూర్ఛ వస్తుంది. ఆ కేకకు బెదిరి హంతకుడు పారిపోతాడు. మెట్ల మీదుగా దొర్లి తల పగిలిన మనిషిని చూసి, ఇది హత్యా జబ్బా అని గుమికూడినవారు తేల్చుకోలేకపోతారు. మూర్ఛకు ముందు వచ్చే కొన్ని క్షణాల అలౌకిక ఆనందాన్ని కూడా మిష్కిన్ చేత చెప్పించారు. తనకూ అటువంటి క్షణాలు ఉన్నాయని దొస్తొయెవ్‌స్కీ సన్నిహితులకు చెప్పారు. తరువాతి కాలంలో నాడీ వైద్యులు దీనిపై ఎన్నో వ్యాసాలు రాశారు. అభిమానులు దీనిని ప్రతిభకు మూలంగా చిత్రించారు. ఆ వాదంలో ఒక చిన్న అన్యాయం ఉంది. ఆ ఆనందం కొన్ని క్షణాలు. దాని తరువాత వచ్చేది రోజుల తరబడి చీకటి. ఏదో ఘోర పాపం చేశానన్న అపరాధ భావం, మాటలు తడబడటం, మతిమరుపు. వీధిలో తెలిసినవారిని గుర్తుపట్టలేక పోయేవారు. ఎదుటివారు దానిని గర్వంగా అనుకుని దూరమయ్యేవారు. ఒక నవల సగంలో ఉండగా తన పాత్రల పేర్లే మరచిపోయి, తాను రాసిన అధ్యాయాలను తానే మొదటినుంచి చదువుకోవలసి వచ్చేది. ఆయన రాసినదంతా ఆ జబ్బు వల్ల కాదు, ఆ జబ్బును దాటి.

1928లో మానసిక శాస్త్రవేత్త సిగ్మండ్ ఫ్రాయిడ్, ఈ మూర్ఛలు మెదడు జబ్బు కావని, తండ్రి మరణంతో ముడిపడిన మానసిక సంఘర్షణకు రూపాలు కావచ్చునని ప్రతిపాదించారు. ఆ వాదం చాలాకాలం చెలామణి అయింది. సెమిపలాతిన్స్క్ ధ్రువపత్రం, ఆన్నా డైరీలు, ఆయన సొంత నోటు పుస్తకాలు వేరే సాక్ష్యం చెబుతున్నాయి. మూర్ఛవ్యాధి మెదడులోని విద్యుత్ సంకేతాల్లో వచ్చే తాత్కాలిక గందరగోళం. దానిని పిచ్చిగానో, పాపఫలంగానో, మనసు దౌర్బల్యంగానో చూసే అలవాటు పల్లెటూళ్లకే పరిమితం కాలేదన్నమాట. మన చట్టంలోనూ ఆ ఛాయ చాలాకాలం ఉంది. హిందూ వివాహ చట్టం మూర్ఛవ్యాధిని ఉన్మాదం సరసన చేర్చి, వివాహానికి అనర్హతల్లో ఒకటిగా పేర్కొంది. 1999లో సవరణ చేసి ఆ పదాన్ని తొలగించారు. చట్టం మారినా సంబంధాలు చూసే వేళ ఈ జబ్బును దాచిపెట్టడం, పెళ్లయ్యాక తెలియకూడదని మాత్రలు మానేయడం నేటికీ జరుగుతున్నాయి. హఠాత్తుగా మందు మానడం వల్ల ఆగకుండా మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. బర్నవుల్‌లో మరీయాకు ఎదురైనదీ, పండుగ విందులో ఆన్నాకు ఎదురైనదీ ఒకే జబ్బు. ఒకరికి ముందుగా తెలియదు, ఒకరికి తెలుసు.

1871లో రష్యాకు తిరిగి వచ్చాక ఇంటి వ్యవహారాలు, పుస్తకాల ప్రచురణ, అప్పుల వాళ్లతో బేరాలు ఆన్నా తన చేతుల్లోకి తీసుకున్నారు. ఇల్లు కుదుటపడింది. కానీ అతి పెద్ద దెబ్బ అప్పుడే తగిలింది. 1878 మే నెలలో, మూడేళ్లు నిండని చిన్న కొడుకు అల్యోషాకు మూర్ఛ వచ్చి గంటల తరబడి ఆగలేదు. వచ్చిన వైద్యులకు చేయగలిగింది ఏమీ లేకపోయింది. తన నుంచే ఆ జబ్బు బిడ్డకు వచ్చిందన్న ఆలోచన తండ్రిని కుంగదీసింది. ఆ పడక పక్కన మోకరిల్లి ఉన్న ఆయన రాత్రంతా లేవలేదు. ఆన్నా బలవంతం మీద, యువ తాత్వికుడు వ్లదీమిర్ సొలొవ్యోవ్ తోడుగా ఓప్తినా మఠానికి వెళ్లి అక్కడి వృద్ధ గురువును కలిశారు. తిరిగి వచ్చి రాసిన ‘కరమజోవ్ సోదరులు’లో అందరికంటే మంచివాడికి అల్యోషా అని పేరు పెట్టారు. అదే నవలలో స్మెర్ద్యకోవ్ అనే మరో పాత్ర మూర్ఛను నటించి, దాని చాటున హత్య చేస్తాడు. తనను, తన బిడ్డను పీడించిన జబ్బును ఒక నేరస్థుడికి ఇవ్వడానికి కూడా రచయిత వెనుకాడలేదు.

1881 ఫిబ్రవరి 9న, 59 ఏళ్ల వయసులో, ఊపిరితిత్తుల రక్తస్రావంతో ఆయన మరణించారు. బర్నవుల్ వైద్యుడు చెప్పినట్లు మూర్ఛలో కాదు. అంతిమయాత్రలో వేలాది జనం నడిచారు. నేడు ప్రపంచంలో సుమారు 5 కోట్ల మంది మూర్ఛవ్యాధితో జీవిస్తున్నారని, సరైన రోగనిర్ధారణ, చికిత్స అందితే వారిలో 70 శాతం మంది వరకు మూర్ఛలు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఫిబ్రవరి రెండో సోమవారాన్ని అంతర్జాతీయ మూర్ఛవ్యాధి దినంగాను, మన దేశంలో నవంబరు 17ను జాతీయ దినంగాను పాటిస్తున్నారు.

ముప్ఫై నాలుగేళ్లకే వితంతువైన ఆన్నా మళ్లీ పెళ్లి చేసుకోలేదు. భర్త సమగ్ర రచనలు తానే ప్రచురించారు, రాతప్రతులను, ఉత్తరాలను, మూర్ఛల తేదీలున్న నోటు పుస్తకాలను భద్రపరిచారు. 1918లో యాల్టాలో కన్నుమూశారు. విందు రాత్రి సంగతి మనకు తెలిసింది ఆమె మరణానంతరం, 1925లో వెలువడిన జ్ఞాపకాల గ్రంథం ద్వారానే. 1968లో ఆమె అస్థికలను సెంట్ పీటర్స్‌బర్గ్‌కు తెచ్చి భర్త సమాధి పక్కన ఉంచారు.